బ్రేక్ పట్టకపోతే డిస్క్ మార్చాలా? మౌంటెన్ బైక్ డిస్క్‌లపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో గేర్ సైకిళ్లు బాగుచేసే మా షాపుకు ఈ మధ్య కొత్త డిస్క్ కవరు చేతిలో పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. "అన్నా, బ్రేక్ అస్సలు పడ్తలేదు. ఆన్‌లైన్‌ల 180 తెప్పించిన, ఏసెయ్" అంటారు. అప్పటికే డబ్బులు కట్టేశారు కాబట్టి వద్దంటే వినరు. అందుకే ముందుగానే రాస్తున్నాను.

అపోహ: పెద్ద డిస్క్ వేస్తే పట్టని బ్రేక్ పడుతుంది.

పట్టదు. 160 ఎం.ఎం. వ్యాసం ఉన్న డిస్క్ తీసి 180 వేస్తే బ్రేక్ బలం సుమారు ఎనిమిదో వంతు పెరుగుతుంది. 203 వేస్తే పావు వంతుకు కాస్త ఎక్కువ. క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను రెండు వైపులా నొక్కి పట్టే భాగం) ఇరుసు నుంచి దూరం జరిగిన కొద్దీ పట్టు పెరుగుతుంది, అంతే లెక్క. బాగా పనిచేస్తున్న బ్రేక్‌కు ఇది నిజమైన లాభమే. ప్యాడ్ నూనె తాగి జారిపోతుంటే మాత్రం ఎంత పెద్ద డిస్క్ వేసినా జారుడే.

నా దగ్గరికి "పడ్తలేదు" అని వచ్చే బ్రేకుల్లో ఎక్కువ భాగం ఈ నూనె కేసులే. నూనె ఎక్కడి నుంచి వస్తుందంటే, చైన్‌కు కొట్టే స్ప్రే నుంచి. వాటర్ వాష్ సెంటర్లో మోటార్ సైకిల్‌కు కొట్టినట్టే సైకిల్‌కూ కొట్టే డీజిల్, పాలిష్ నుంచి. అన్నిటికంటే ఎక్కువగా, డిస్క్ కీచుమంటోందని ఇంట్లో వాళ్లే పోసే నూనె నుంచి.

ములుగు వైపు నుంచి ఒకాయన కొడుకు సైకిల్‌ను ఆటోలో వేసుకుని వచ్చారు. లక్నవరం దారిలో దిగుడు మీద పిల్లాడు బ్రేక్ పట్టక పొదల్లోకి పోయాడట. మోకాలు చెక్కుకుపోవడం తప్ప ఏం కాలేదు. కానీ ఆ తండ్రి ముఖంలో టెన్షన్ ఇంకా తగ్గలేదు. "సార్, అసలు ఈ సైకిల్ ఇయ్యొచ్చునా పిలగానికి? ఎంతైనా గానీ పెద్ద డిస్కులు ఏయుండ్రి" అన్నారు. చక్రం తిప్పి డిస్క్‌ను ఏటవాలుగా వెలుగుకు పట్టి చూశాను. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోల్ చుక్కలాగా రంగులు. తెల్ల గుడ్డతో తుడిస్తే గోధుమరంగు మరక. ప్యాడ్లు విప్పితే అద్దంలా మెరుస్తున్నాయి. "ఏమన్నా పోసినవా తమ్మీ?" అంటే పిల్లాడు నేల చూపులు చూస్తూ, "సప్పుడు వస్తుందని మిషన్ నూనె జర్రంత ఏసిన" అన్నాడు. వాళ్లమ్మ కుట్టుమిషన్ డబ్బా అది.

డిస్క్‌లో ఏ లోపమూ లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్యాడ్లు మాత్రం కొత్తవి వేసి పంపాను. ప్యాడ్ నూనె పీల్చుకుంటే వదలదు. గ్యాస్ స్టవ్ మీద కాల్చమని, గరుకు కాగితంతో రుద్దమని చెప్పే వీడియోలు చూసి వస్తుంటారు. రెండు రోజులు పట్టినట్టే ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. పారేయండి. శానిటైజర్‌తో తుడిచేవాళ్లూ ఉన్నారు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, అదే ఇంకో పొరగా మిగులుతుంది.

డిస్క్, ప్యాడ్ల మీద నూనె లేకపోతే కేబుల్ చూడండి. మన దగ్గర "డబల్ డిస్క్" అని అమ్మే తక్కువ ధర సైకిళ్లలో చాలావరకు నడిచేది తీగతోనే, ఆయిల్‌తో కాదు. దుమ్ము, వాన పడి తీగ కేసింగ్ లోపల తుప్పు పడితే లివర్ ఎంత నొక్కినా బలం క్యాలిపర్ దాకా చేరదు. ఇంకోటి, వాటిలో చాలా క్యాలిపర్లలో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. లోపలిది కదలదు. అరిగిన కొద్దీ దాన్ని అలెన్ కీతో దగ్గరికి తిప్పాలి. ఎవరూ తిప్పరు.

ఇవన్నీ సరిగా ఉండి, మీరు కాస్త బరువైన మనిషి అయితేనో, సామాను కట్టుకుని గుట్టల దారుల్లో తిరుగుతుంటేనో అప్పుడు పెద్ద డిస్క్ వేయించండి. పొడవాటి దిగుడు దారుల్లో వేడిని తట్టుకునేది అదే. అరిగిపోయినా మార్చాల్సిందే. షిమానో కంపెనీ డిస్క్ కొత్తది 1.8 ఎం.ఎం. మందం ఉంటుంది, 1.5కు వస్తే దాని పని అయిపోయినట్టే. ఆ అంకె డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. కంటితో అంచనా వేయొద్దు, వెర్నియర్‌తో కొలిపించండి.

అపోహ: డిస్క్ కొంటే చాలు, బిగించేయొచ్చు.

మొదట ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) ఎంత సైజు వరకు తట్టుకుంటుందో కంపెనీ చెప్పిన లెక్క చూడాలి. అది దాటితే ఫోర్క్ కాలు మీద పడే భారానికి ఎవరూ పూచీ కాదు. తర్వాత హబ్, అంటే డిస్క్ బిగించే చక్రం నడిమి భాగం. ఆరు బోల్టులదా, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాకా? ఆ తర్వాత అడాప్టర్, అంటే క్యాలిపర్‌ను జరిపి బిగించే ముక్క. 160 నుంచి 180కి పోవాలంటే క్యాలిపర్ 10 ఎం.ఎం. బయటికి జరగాలి. అడాప్టర్ దొరకలేదని వాషర్లు పేర్చి, పాత బోల్టే రెండు త్రెడ్లు పట్టేలా బిగించిన సైకిల్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఎవరు చేశారో అడగలేదు, అడిగితే బీపీ పెరగడం తప్ప లాభం లేదు. చివరగా ప్యాడ్లు. చాలా చవక డిస్క్‌ల మీద "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అని ఉంటుంది. వాటికి మెటల్ ప్యాడ్లు వేస్తే డిస్క్‌ను తినేస్తాయి.

బిగించేటప్పుడు బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండాలి. ఆ ఆరు బోల్టులకు టి25 టార్క్స్ కీ కావాలి, చేతికందిన అలెన్ కీ దూర్చి తలలు అరగదీయొద్దు. ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. బిగింపు బలం షిమానోకు 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు, స్రామ్ కంపెనీ డిస్క్‌కు 6.2. సెంటర్‌లాక్ రింగుకు మాత్రం 40. వేళ్లతో డిస్క్ ముఖం ముట్టుకోవద్దు.

అపోహ: కొత్త డిస్క్ పాతదానికంటే అధ్వానం.

వేయించుకున్న సాయంత్రమే ఫోన్ చేస్తారు. మొదట్లో అలాగే ఉంటుంది. ఖాళీ రోడ్డు చూసుకుని, ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగానికి దించుతూ ఓ ఇరవై సార్లు, ఇంకాస్త వేగం నుంచి ఓ పది సార్లు బ్రేక్ వేయండి. చక్రం జామ్ కాకూడదు. ప్యాడ్ మసి డిస్క్ మీద పలచగా, సమానంగా అంటుకున్నాకే అసలు పట్టు వస్తుంది.

ముందు బ్రేక్ వేస్తే బోల్తా పడతామని భయపడి పెద్ద డిస్క్ వెనక్కి వేయమనేవాళ్లున్నారు. బ్రేక్ వేయగానే బరువంతా ముందుకు వస్తుంది, ఆపేది ఎక్కువగా ముందు చక్రమే. వెనక పెద్దది వేస్తే ఎర్రమట్టి మీద చక్రం ఇంకా తొందరగా జారుతుంది. ఒక్కటే కొనగలిగితే ముందుకే.

సన్నగా సిక్ సిక్ అని రాసుకుంటోందా? క్యాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని మళ్లీ బిగించండి. ఎక్కువసార్లు అదే సరిపోతుంది. తీగ బ్రేక్‌కైతే లోపలి ప్యాడ్ కూడా సర్దాలి.

మోటార్ సైకిల్ బ్రేక్ ఆయిల్ షిమానో ఆయిల్ బ్రేకుల్లో పోయొద్దు. అది డాట్ రకం ఆయిల్, ఇందులో పోసేది మినరల్ ఆయిల్. సీళ్లు ఉబ్బిపోతాయి.

ఆయిల్ బ్రేకులున్న సైకిల్‌కు పంచర్ వేయించేటప్పుడు పక్కనే నిలబడండి. చక్రం విప్పాక ఎవరో ఒకరు ఊరికే లివర్ నొక్కుతారు, ప్యాడ్లు రెండూ మూసుకుపోతాయి, డిస్క్ ఇక లోపలికి దూరదు. అప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి ఊడబెరికితే పిస్టన్ పగులుతుంది. పలచటి ప్లాస్టిక్ టైర్ లివర్‌తో మెల్లగా వెనక్కి నెట్టండి. సైకిల్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ ముక్క ఇంకా ఇంట్లో ఉంటే, చక్రం విప్పగానే ప్యాడ్ల మధ్య పెట్టడానికే అది.