సైరా నరసింహారెడ్డి: పాటలో ఉన్నదెంత, మనం కలిపిందెంత?

జానపద వీరగాథలు సేకరించడం, వాటి గురించి పాఠం చెప్పడం నా పని. ఈస్టిండియా కంపెనీని ఎదిరించిన రాయలసీమ వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట గురించి తరచూ వినే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: దేశ స్వాతంత్ర్యం కోసం లేచాడు కాబట్టే జనం పాట కట్టారు.

వాస్తవం: 1846లో రాయలసీమలోని రేనాడు ప్రాంతాన్ని కదిలించిన బాధలు ఊళ్లోవే. పాలెగాళ్ల (స్థానిక పాలకుల) అధికారం తీసేసిన కంపెనీ, బదులుగా ఆ పాలెగాళ్లకు పింఛను ఇచ్చేది. నరసింహారెడ్డి వాటా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి వారసులు లేకుండా చనిపోయాక ఆ కుటుంబం పింఛనూ ఆగిపోయింది. మరోపక్క ఊరి కాపలా కాసే కట్టుబడివాళ్ల మాన్యాలకు (ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చిన భూములకు) ఎసరొచ్చింది. వాళ్లూ ఆయన వెంట నడిచారు. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. ఈ సంగతి చెబితే కొందరు నొచ్చుకుంటారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరుగుతుంది. పాలెగాడి పరువూ, కాపలావాడి కడుపుమంటా కలిసి కంపెనీకి ఎదురు నిలవడం చిన్న విషయం కాదు. దాన్ని జాతీయోద్యమంలో భాగంగా చూడటం తర్వాతి తరాల పని.

అపోహ: ఆయనే దేశంలో మొట్టమొదటి స్వాతంత్ర్య యోధుడు.

వాస్తవం: కంపెనీని ఎదిరించి, తమిళ కథాగేయాల్లో బతికున్న పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను 1799లోనే ఉరితీశారు. ఏ ప్రాంతం పాట ఆ ప్రాంతం వీరుణ్ణే ముందు నిలబెడుతుంది.

అపోహ: కంపెనీ రికార్డు నిజం, పాట కల్పన.

వాస్తవం: 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. తలను 1877 దాకా కోట గోడకు వేలాడదీశారు. జనం భయపడాలన్నది కంపెనీ ఉద్దేశం. ఆ జనమే ‘సైరా’ అంటూ పాడుకున్నారు. వాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవడానికి నాకు ఆ పాటను మించిన సాక్ష్యం లేదు.

అపోహ: జాతీయ వీరుల్ని పెద్ద కవులే తయారుచేస్తారు.

వాస్తవం: ఝాన్సీ రాణి మీద సుభద్రాకుమారి చౌహాన్ రాసిన హిందీ కవిత దేశమంతా తెలుసు. ఈ కథ బుందేల్‌ఖండ్‌లో ఊరూరా పాడే హర్బోలాల నోట విన్నామని ఆమె పల్లవిలోనే చెప్పింది. ఊరి గాయకుల నుంచి అచ్చుకు, అక్కడి నుంచి బడి పుస్తకానికి చేరాకే ఆ కథ దేశమంతటిదీ అయింది.

ఈ ప్రయాణంలో కొందరు వెనకబడిపోతారు. నరసింహారెడ్డి పక్కన నిలిచిన వడ్డె ఓబన్న పేరు రేనాడు దాటి వినిపిస్తున్నది ఈ మధ్యనే. అందుకే పాట సేకరించేవాళ్లకు నా విన్నపం: నాయకుడి చరణాలు దొరకగానే రికార్డర్ ఆపకండి. వెంట నడిచినవాళ్ల పేర్లు, పాడినవారి పేరు, ఊరు కూడా రాసుకోండి.