తరుగు గడి

ఎడిసన్, న్యూజెర్సీ

చి. చింటూకి, చి. అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. నాయనమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, మెట్లెక్కుతోంది. ఆదివారం ఫోన్లో అమ్ములు చెప్పింది, చింటూ వారం రోజులుగా కిందికి ఆడ్డానికి దిగడం లేదని. గెలిచే మ్యాచ్‌లో క్యాచ్ వదిలేశాడట, ‘చేతులకి నూనె రాసుకొచ్చావా’ అన్నారట. ఫోన్ ఇవ్వమంటే వాడు బాత్రూంలో ఉన్నాడన్నారు. ఇరవై నిమిషాలు బాత్రూంలో ఉండే వయసా వాడిది? ఉత్తరమైతే తప్పించుకోలేడని కాగితం తీశాను. అత్త దీన్ని ఫోటో తీసి మీ నాన్న వాట్సాప్‌కి పెడుతుంది. అక్షరాలు కనపడకపోతే పెద్దవి చేసుకుని చదవండి.

మొన్న శనివారం మావయ్య నన్ను, బావని బేస్‌బాల్ ఆటకి తీసుకెళ్ళాడు. మొదటి గంట నాకేమీ అర్థం కాలేదు. అర్థమైంది ఒక్క స్కోరుబోర్డే, ఎందుకంటే అది కిర్దు పుస్తకంలా ఉంది. ఒక్కో జట్టుకి ఒక్కో అడ్డవరుస, తొమ్మిది ఇన్నింగ్స్‌కి తొమ్మిది గళ్ళు. చివర మరో మూడు గళ్ళు, వాటి మీద ఆర్, హెచ్, ఇ అని అక్షరాలు. ఆర్ అంటే పరుగులు, హెచ్ అంటే హిట్లు. ‘ఇ ఏమిట్రా?’ అని బావని అడిగితే, ‘ఎర్రర్ తాతయ్యా. తేలిగ్గా పట్టాల్సిన బంతి వదిలేసినా, అడ్డదిడ్డంగా విసిరినా అందులో పడుతుంది’ అన్నాడు.

నలభై వేల మంది చూస్తుండగా తప్పుల లెక్క బోర్డు మీద పెడతారు! మన క్రికెట్ బోర్డు మీద వదిలిన క్యాచ్‌లు ఎప్పుడైనా చూశారా? ఇక్కడ దీనికోసం అఫీషియల్ స్కోరర్ అని ఒకాయన పైన కూర్చుంటాడు. మామూలుగా ఆడేవాడు దాన్ని పట్టగలడా, లేదా అన్నది ఆయన తేలుస్తాడు. పట్టగలిగేదైతే ఫీల్డర్ ఖాతాలో ఎర్రర్, కాదంటే బ్యాటర్ ఖాతాలో హిట్టు.

నేను తెనాలిలో బియ్యం మిల్లులో ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేశానని మీకు తెలుసుగా. వడ్లు ఆడించాక బియ్యం, నూక, తవుడు, ఊక అన్నీ రాసి, చివర తరుగు అని ఓ గడి ఉండేది. మా షావుకారు పుస్తకం తెరిస్తే ముందు చూసేది ఆ గడే. తరుగు సున్నా అని రాసినవాణ్ణి ఆయన నమ్మేవాడు కాదు. ఆ ‘ఇ’ గడి చూడగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఆ రాత్రి నుంచి బావ రికార్డుల పుస్తకం నా మంచం పక్కనే ఉంది.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బంతి నేలకి తగలదు, అన్నీ ఫుల్‌టాస్‌లే. బౌలర్ని పిచర్ అంటారు. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, బ్యాటు ఊపి తప్పినా అది స్ట్రైకు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్, అదే స్ట్రైక్ అవుట్. మైదానంలో చతురస్రం నాలుగు మూలల్నీ బేస్‌లు అంటారు. బంతి కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరితే హిట్టు. పిచర్ నాలుగు బంతులు గీత తప్పి వేస్తే మన వైడ్ లాంటిదే, బ్యాటర్ ఊరికే నడిచి మొదటి బేస్‌కి వెళ్ళిపోతాడు. దాన్ని వాక్ అంటారు. నాలుగు బేస్‌లు చుట్టి వస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోయినట్టు. మన దగ్గర అవుటైతే ప్యాడ్లు విప్పేయడమే కదా, ఇక్కడ తొమ్మిది మంది తిరిగాక అవుటైనవాడికే మళ్ళీ వంతు వస్తుంది. మిగతావి బావ వచ్చినప్పుడు అడగండి.

ఇప్పుడు రికార్డులు. నోలన్ రయన్ అని ఒక పిచర్ 1966 నుంచి 1993 దాకా ఆడాడు. బంతి గంటకి 160 కిలోమీటర్ల వేగం. 5,714 స్ట్రైక్ అవుట్లు చేశాడు, అంతమందిని అలా అవుట్ చేసినవాడు ఇంకొకడు లేడు. బావ అక్కడితో ఆపేశాడు. నేను పక్క గడి చూశాను. వాక్‌లు 2,795. అవీ అందరికంటే ఎక్కువే! రెండో స్థానంలో ఉన్నవాడికి 1,833, అంటే దగ్గర దగ్గర వెయ్యి తేడా. గీత తప్పిన బంతులు అన్నేసి వేసినవాడే, ఎవరికీ అందని బంతులూ అన్నేసి వేశాడు.

సరే, ఇదొక్కటేనేమో అనుకుని పేజీ తిప్పాను. రికీ హెండర్సన్. బేస్ దొంగతనంలో ఆరితేరినవాడు. పిచర్ బంతి విసిరే సందులో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి ఉరకడాన్ని ఇక్కడ దొంగతనం అనే అంటారు, శిక్ష ఉండదు. మొత్తం 1,406 దొంగతనాలు, అతని తర్వాతివాడికి 938. మరి దొరికిపోయినవి? 335. అదీ రికార్డే. 1982లో ఒక్క ఏడాదే 130 బేస్‌లు దొంగిలించి, 42 సార్లు దొరికిపోయాడు. ఆధునిక బేస్‌బాల్‌లో ఒక ఏడాదికి ఆ రెండూ ఇంకా అతని పేరు మీదే ఉన్నాయి.

మూడోది చూసి నవ్వొచ్చింది. జట్టు గెలుపూ ఓటమీ ఇక్కడ పిచర్ ఖాతాలో కూడా రాస్తారు. సై యంగ్ అనే పాతకాలపు పిచర్‌కి 511 విజయాలు. ఏటా మంచి పిచర్లకిచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. అందరికంటే ఎక్కువ ఓటములు ఎవరివని వెతికితే మళ్ళీ ఆయనే, మూడు వందలకి పైన. బావ ఒప్పుకోడే! ‘అవి లెక్క కాదు తాతయ్యా’ అంటాడు. మిల్లులో పనికొచ్చేవాడు కాదు వాడు.

ఈ లెక్కలకి రూపం ఇచ్చినాయన పేరు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. మొదట్లో పత్రికలకి క్రికెట్ వార్తలు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్ మీద మనసుపడి, ఆటంతా ఒక చిన్న పట్టికలో ఇమిడేట్టు బాక్స్ స్కోర్‌ని తీర్చిదిద్దాడు. అంటే ఈ ఆటకి తొలి గుమస్తా మన క్రికెట్ మనిషే.

లెక్కల్లో నాకు బాగా నచ్చింది 1941. ఆ ఏడాది జో డిమాజియో వరసగా 56 ఆటల్లో, ఒక్కటీ తప్పకుండా, హిట్టు కొట్టాడు. జులై 17న క్లీవ్‌లాండ్‌లో కెన్ కెల్ట్నర్ అనే మూడో బేస్ ఫీల్డరు రెండుసార్లు గీత దగ్గర బంతి ఆపి ఆ వరస తెంచాడు. మర్నాటి నుంచి డిమాజియో మళ్ళీ మొదలెట్టి ఇంకో 16 ఆటలు కొట్టాడు. 73 ఆటల్లో ఒక్క సున్నా! 56 సంగతి అందరూ చెబుతారు, ఆ సున్నాకి అటూ ఇటూ చూస్తేనే నాకు ఆ మనిషి కనపడ్డాడు.

అదే ఏడాది టెడ్ విలియమ్స్ లెక్క ఇంకా రుచిగా ఉంటుంది. కాగితం, పెన్సిలు తీసుకోండి. బ్యాటింగ్‌లో సగటు అంటే ఎన్ని వంతులొస్తే ఎన్ని హిట్లు అని. వెయ్యికి మూడు వందలు వస్తే గొప్ప బ్యాటర్, అంటే పదింటికి ఏడుసార్లు ఉత్తదే. నాలుగు వందలంటే ఆకాశం. ఆఖరి రోజుకి ముందు విలియమ్స్‌కి 448 వంతుల్లో 179 హిట్లు. భాగించండి. 0.39955 వస్తుంది. మూడు అంకెలకి సరిచేస్తే 0.400. అంటే ఆ రోజు ఆడకుండా కూర్చుంటే నాలుగు వందలు పుస్తకంలో పడిపోతుంది. కావాలంటే కూర్చోమని మేనేజరూ అన్నాడు. కానీ 448కి పదింట నాలుగు వంతులు 179.2 కదా, ఆ 0.2 నిజానికి లేదు, సర్దుబాటులో వచ్చింది. మేం మిల్లులో అర్ధ పైసలు ఇలాగే సర్దేవాళ్ళం. విలియమ్స్ ఆ సర్దుబాటు ఒప్పుకోలేదు. సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో ఒకే రోజు రెండు ఆటలు ఆడి, ఎనిమిది వంతుల్లో ఆరు హిట్లు కొట్టాడు. ఇప్పుడు 185ని 456తో భాగించి, ఎంతొచ్చిందో నాకు ఫోన్లో చెప్పండి. ఆ తర్వాత ఏ ఏడాదీ అమెరికన్, నేషనల్ లీగుల్లో (ఇక్కడి పెద్ద జట్ల పోటీలు, వీటినే మేజర్ లీగులంటారు) నాలుగు వందలు దాటినవాడు లేడు.

బావకి మటుకు కాల్ రిప్కెన్ అంటే ప్రాణం. 1982 నుంచి 1998 దాకా ఒక్క ఆట మానకుండా 2,632 ఆటలు ఆడాడట. గొప్పే. కానీ ఏళ్ళ తరబడి ఒక్క సెలవూ పెట్టని గుమస్తాని చూస్తే మా షావుకారుకి అనుమానం, నాకూ అదే జబ్బు అంటుకుంది.

ఒక విషయం మటుకు పుస్తకం మూసేసేలా చేసింది. నల్లవాళ్ళని చాలా ఏళ్ళు మేజర్ లీగుల్లోకి రానివ్వలేదు. వాళ్ళు విడిగా నీగ్రో లీగులని పెట్టుకుని ఆడారు. 1947 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్ అడుగుపెట్టేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. జాష్ గిబ్సన్ అని ఒక బ్యాటరు సరిగ్గా ఆ జనవరిలోనే చనిపోయాడు. వాళ్ళ ఆటల లెక్కల్ని అసలు పుస్తకంలో కలిపింది ఎప్పుడో తెలుసా? 2024లో. కలిపేసరికి, ఆడినన్నాళ్ళ మొత్తం బ్యాటింగ్ సగటులో ఎన్నో ఏళ్ళుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ 0.367 కిందికి జరిగి, గిబ్సన్ 0.372 పైకొచ్చింది. ఇన్నాళ్ళూ పద్దు ఎక్కించని తప్పు ఏ బోర్డు మీదా ‘ఇ’ గడిలో పడలేదు చూశారా.

చింటూ, ఇక్కడి నుంచి నీకు. 1959 మే 26, మిల్వాకీ ఊరు. పిట్స్‌బర్గ్ జట్టు పిచర్ హార్వే హాడిక్స్ ఆ రోజు జలుబుతో ఒళ్ళు బాగాలేకుండానే దిగాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో 27 మంది వచ్చారు, 27 మందీ అవుట్. హిట్టు లేదు, వాక్ లేదు. ఒక్కడు కూడా మొదటి బేస్ మీద కాలు పెట్టలేదు. దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు, నూట యాభై ఏళ్ళ పుస్తకంలో పాతిక కూడా లేవు. కానీ హాడిక్స్ జట్టు కూడా ఒక్క పరుగూ చెయ్యలేదు. హిట్లు పన్నెండు కొట్టారుట, పరుగు మటుకు సున్నా! అందుకని ఆట సాగింది. పదో ఇన్నింగ్స్, పదకొండు, పన్నెండు. మొత్తం 36 మంది వరసగా అవుట్.

పదమూడో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్ నేల మీదుగా కొట్టిన బంతి మూడో బేస్ దగ్గరున్న డాన్ హోక్ చేతికొచ్చింది. మామూలు బంతే. బ్యాటర్ కంటే ముందే బంతి బేస్ చేరితే అతను అవుట్, అందుకని మొదటి బేస్‌కి విసిరాడు, గురి తప్పింది. బోర్డు మీద ఇ గడిలో 1 పడింది. ఆ తర్వాత కాసేపటికే జో ఆడ్కాక్ బంతిని గోడ దాటించాడు. బేస్‌లు చుట్టడంలో వాళ్ళే ఏదో గందరగోళం చేసుకుని మూడు పరుగులు రావాల్సింది ఒక్కటే మిగుల్చుకున్నారు. 1–0తో హాడిక్స్ ఓడిపోయాడు. 1991లో నిబంధనలు సవరించి, ‘హిట్టు ఇవ్వని ఆటల’ జాబితాలోంచి కూడా దాన్ని తీసేశారు. ఆ రోజు స్కోరు ఇప్పటికీ దొరుకుతుంది, హోక్ పేరు ఎదురుగా ఆ ఎర్రర్ ఉంది. ఆయన ఆ తర్వాతా ఆడుతూనే ఉన్నాడు. మరుసటి ఏడాది 1960లో ఆ జట్టే వరల్డ్ సిరీస్, అంటే ఏడాది చివరి ఫైనల్ పోటీ, గెలిచింది, మూడో బేస్ దగ్గర నిలబడింది ఆ హోకే.

ఇంకొకటి. 2010 జూన్ 2, డెట్రాయిట్. అర్మాండో గలరాగా అనే పిచర్ వరసగా 26 మందిని అవుట్ చేశాడు. ఇరవై ఏడోవాడు కొట్టిన బంతి అతని కంటే ముందే మొదటి బేస్‌కి చేరింది, ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ లేచి నిలబడ్డారు. అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ చాపి ‘సేఫ్’, అంటే అవుట్ కాదు, అన్నాడు. గలరాగా అరవలేదు. చిన్నగా నవ్వి, వెనక్కెళ్ళి తర్వాతి బ్యాటర్ని అవుట్ చేశాడు. అంపైర్ తప్పులకి బోర్డు మీద గడి లేదు. కానీ జాయిస్ లోపల టీవీలో చూసుకుని, తప్పు తనదేనని ఒప్పుకుని, ఏడుస్తూ గలరాగాకి క్షమాపణ చెప్పాడు. మర్నాడు ఆట మొదలయ్యే ముందు జట్టు పేర్ల కాగితం అంపైర్ చేతికివ్వాలి. అది గలరాగాయే తీసుకెళ్ళాడు. జాయిస్ కళ్ళు తుడుచుకుంటూ అందుకున్నాడు. లెక్క మటుకు మారలేదు. పుస్తకంలో ఈ రోజుకీ అది ఒక హిట్టు ఇచ్చిన ఆటే. మార్చి ఉండాల్సిందని బావ, వద్దని నేను, రాత్రి పదకొండింటి దాకా వాదించుకున్నాం. నాయనమ్మ లైటు తీసేసింది.

మేం వచ్చే నెల పన్నెండున బయల్దేరుతున్నాం. పెట్టెకి 23 కిలోలే కాబట్టి అమ్ములు చెప్పిన చాక్లెట్లలో సగం తగ్గిస్తున్నాను. మీకొక స్కోరు పుస్తకం కొన్నాను. ఖాళీ గళ్ళు బోలెడు, ఇ గడి కూడా ఉంది, మీ క్రికెట్‌కి సరిపెట్టుకుందాం. ఒక బంతీ తెస్తున్నాను. తెల్ల తోలు మీద ఎర్ర దారంతో కుట్లు. మావయ్య అవి 108 అంటే, నాయనమ్మ నమ్మక కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెడుతోంది. ఇప్పటికి మూడుసార్లు లెక్క తప్పింది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య