పాఠంలో కళ కలపమన్నారు, టీచరుకు తోడెవరు?

పాఠంలోకి పాట, బొమ్మ, నాటకం రావాలన్న మాట కొత్తదేమీ కాదు. ఆ పని తరగతిలో చేయాల్సిన టీచరుకు ఏం కావాలన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

1837లో జర్మనీలో విద్యావేత్త ఫ్రోబెల్ పెట్టిన చిన్నపిల్లల బడిలో పాటలు, కాగితం మడతలు చదువులో భాగమే. 1896లో షికాగోలో తత్వవేత్త జాన్ డ్యూయీ పెట్టిన ప్రయోగ పాఠశాల పిల్లలు నేత నేస్తూ, వంట చేస్తూ చరిత్ర, లెక్కలు నేర్చుకున్నారు. చదువంతటికీ కళే పునాది కావాలని 1943లో ఇంగ్లండు కళా విమర్శకుడు హెర్బర్ట్ రీడ్ వాదించాడు. గొప్ప ఆలోచనలే. కానీ మామూలు బడికి వచ్చేసరికి మిగిలింది వారానికి ఒకటో రెండో డ్రాయింగు పీరియడ్లు, వాటికో వేరే మాస్టారు. సైన్సు టీచరుకూ బొమ్మకూ సంబంధం లేకుండా పోయింది. పరీక్షలు దగ్గరపడితే ముందు ఎగిరిపోయేదీ ఆ పీరియడే.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇంగ్లండులో నాటకంతో పాఠం చెప్పిన డొరొతీ హీత్‌కోట్ చేసిన పని. 1950ల నుంచి ఆమె న్యూకాజిల్‌లో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. టీచరే పాఠంలో ఒక పాత్రగా మారి, పిల్లలను నిర్ణయాల్లోకి ఎలా లాగాలో స్వయంగా చేసి చూపించారు. టీచరు వరద ముంచిన ఊరి పెద్దగా వచ్చి, ఇంజనీర్లయిన పిల్లలను సాయం అడిగారనుకోండి. కట్ట ఎక్కడ వేయాలో తేల్చడానికి వాళ్లు మ్యాపు చదవాలి, లెక్క వేయాలి, పై అధికారికి ఉత్తరం రాయాలి. స్టేజీ అక్కర్లేదు, మేకప్ అక్కర్లేదు. 'నాకు కళ రాదు' అని టెన్షన్ పడే టీచరుకు ఇది ఎంత ధైర్యమో!

పరిశోధన వైపు చూస్తే, హార్వర్డ్‌లో 1967లో తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 'ప్రాజెక్ట్ జీరో' అనే పరిశోధన బృందాన్ని మొదలుపెట్టాడు. కళా విద్య గురించి పద్ధతిగా పోగైన జ్ఞానం సున్నా అనిపించి పెట్టిన పేరది. 2000లో అక్కడి పరిశోధకులు ఎలెన్ విన్నర్, లొయిస్ హెట్‌లండ్ పాత అధ్యయనాలన్నీ జల్లెడ పట్టారు. తరగతి గది నాటకంతో భాషా నైపుణ్యం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరికింది. కళలు నేర్చుకుంటే మొత్తంగా మార్కులు పెరుగుతాయన్న ప్రచారానికి దొరకలేదు. చాలామంది కళాభిమానులు నొచ్చుకున్నారు గానీ, ఆ నిజం మేలే చేసింది. పిల్లలు ఎలా చూస్తున్నారు, ఎలా ఆలోచిస్తున్నారు అన్నదాని మీదికి దృష్టి మళ్లింది.

అంతకుముందే అలాంటి దృష్టితో మనస్తత్వవేత్త అబిగైల్ హౌసెన్, మ్యూజియం విద్యావేత్త ఫిలిప్ యెనవైన్ చిత్రాలు చూపించి మాట్లాడించే ఒక పద్ధతి తయారుచేశారు. అందులో టీచరు అడిగేవి మూడే ప్రశ్నలు: ఈ చిత్రంలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? రెండో ప్రశ్న దగ్గర పిల్లలకు ఆధారం చూపడం అలవాటవుతుంది. సైన్సుకైనా, చరిత్రకైనా కావాల్సింది అదే.

టీచర్ల శిక్షణ, కళాకారులతో కలిసి పనిచేయడం ముఖ్యమని 2006లో లిస్బన్‌లో కళా విద్యపై జరిగిన యునెస్కో సదస్సు గుర్తించింది. 2010లో సియోల్‌లో, 2024లో అబుదాబిలో మళ్లీ ప్రపంచ సదస్సులు జరిగాయి. ఒక్కరోజు వర్క్‌షాప్‌తో మాత్రం ఈ పని అవదు. ఉదాహరణకు, లయతో భిన్నాలు చెబితే, పిల్ల నాలుగు దెబ్బల్లో పావును, అరపావును సరిగ్గా విడగొట్టిందా అన్నదీ, లయ తప్పకుండా చప్పట్లు కొట్టిందా అన్నదీ రెండూ చూడాలి. రెండోది ఎలా చూడాలో లెక్కల టీచరుకు సంగీతం తెలిసినవాళ్లు పక్కన కూర్చుని చెప్పాలి. అందుకు ఇద్దరికీ ఒకే సమయంలో ఖాళీ పీరియడు ఉండాలి. టైమ్‌టేబుల్ వేసేవాళ్లను ముందుగా అడగాల్సింది ఆ పీరియడే.