విచర్ 4 మీద మా కుర్రాళ్ల ఆశలు, భయాలు: ఒక గేమ్ టెస్టర్ రాసుకున్న అపోహలు - వాస్తవాలు

కావలిలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని గేమ్‌లు చెడగొట్టడం నా ఉద్యోగం. అంటే టెస్టింగ్. ఏ గోడలోంచి దూరిపోవచ్చో, ఏ మాట దగ్గర కథ ఆగిపోతుందో వెతికి, రాసి పంపాలి. ఆరేళ్లు హైదరాబాద్‌లో చేశాను, కరోనా తర్వాత ఇంటి నుంచే కాంట్రాక్టు మీద చేస్తున్నాను. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నెల్లూరులో ఇంజినీరింగ్ చదివే మా పిన్ని కొడుకు, వాడి బ్యాచ్ మొత్తం నన్ను వదలడం లేదు. అందరిదీ ఒకటే గోల, ది విచర్ 4. సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే కంపెనీ తయారుచేస్తున్న, ఇంకా విడుదల కాని ఫాంటసీ గేమ్ అది. మొన్న మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి పోయొచ్చి, "ఉద్యోగం రొట్టె ఉంది, పెళ్లి రొట్టె ఉంది, ఇల్లు రొట్టె ఉంది, విడుదల రొట్టె మాత్రం యాడా దొరకలేదన్నా" అన్నాడు వాడు.

ముందే చెబుతున్నా, ఆ గేమ్‌తో నాకు ఏ సంబంధమూ లేదు. లోపలి కబుర్లేవీ నా దగ్గర లేవు. బయట అందరికీ తెలిసినవాటికి, నా పనిలో చూసినవి కలిపి రాస్తున్నాను. రోజూ ఫోన్‌లో చెప్పే బాధ తప్పుతుంది.

అపోహ: ట్రైలర్‌లో ఎట్టుందో గేమ్ అట్టే ఉంటుంది

ఉండదు. 2024 డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్‌లో చూపించినది ముందుగానే కంప్యూటర్‌చేత బొమ్మలు గీయించి (రెండర్ చేసి) పెట్టుకున్న వీడియో. ఆ మాట వాళ్లు అప్పుడే చెప్పారు. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ 5లోనే చేశారు కదా, గేమ్ కూడా అదే ఇంజిన్ కదా అని మనవాళ్లు పొరబడుతున్నారు. వీడియోకైతే ఒక్కో ఫ్రేమ్, అంటే ఒక్కో బొమ్మ, తయారవడానికి కంప్యూటర్ ఎంతసేపు తీసుకున్నా అడిగేవాడు లేడు. రాత్రి పెట్టేసి పడుకుని పొద్దున లేచి చూసుకోవచ్చు. మీరు ఆడేటప్పుడు సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఆ కాస్తలోనే కథానాయిక సిరి జుట్టు కదలాలి, వాన పడాలి, వెనకాల జనం నడవాలి, మీరు బటన్ నొక్కగానే కత్తి లేవాలి.

2025 జూన్‌లో అన్‌రియల్ ఫెస్ట్‌లో ఇంకోటి చూపించారు. కొండ దారి, గుర్రం, వాల్డ్రెస్ట్ అనే రేవు పట్నం, అందులో కిటకిటలాడే సంత. మామూలు ప్లేస్టేషన్ 5 మీద రే ట్రేసింగ్‌తో (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి), 60 ఫ్రేములతో నడిపారు. అది చూసి మావాడికి రాత్రంతా నిద్ర లేదు. కానీ అది టెక్ డెమో, గేమ్‌ప్లే కాదు అని కూడా వాళ్లే చెప్పారు. డెమోలో ఏ దారిన పోవాలో ముందే తెలుసు. అసలు గేమ్‌లో మీరు సంతలో బుట్టలెక్కి, పైకప్పు మీదికి దూకి, గుర్రాన్ని ఎవరో ఒకరి వంటింట్లోకి తోలాలని చూస్తారు. నాకు తెలుసు. నేను చేసేదీ అదే, జీతం తీసుకుని.

విచర్ 3కి 2013లో చూపించిన దృశ్యాలకీ, 2015 మేలో చేతికొచ్చిన గేమ్‌కీ పోలిక లేదని అప్పట్లో పెద్ద గొడవే అయింది. కాబట్టి ఈ విషయంలో భయపడేవాళ్లని తప్పుపట్టలేను.

అపోహ: టెస్టర్లు సరిగ్గా ఆడి చూడరు, అందుకే ఇన్ని బగ్‌లు

ఇది నా మీదికే వచ్చింది కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

కొన్నేళ్ల కింద ఒక ఫాంటసీ గేమ్ మీద పని చేశాను. పేరు చెప్పకూడదు, సంతకం పెట్టి ఉన్నాం. అందులో పూటకూళ్ల ఇల్లు నడిపే ఒకావిడ ఉంగరం పోగొట్టుకుంటుంది. మనం వెతికి తెచ్చిస్తే నాలుగు మాటలు మాట్లాడి నేలమాళిగ తలుపు తీస్తుంది. ఆ నాలుగు మాటలూ అప్పటికి యాభై సార్లు విని ఉంటాను. ఒకరోజు విసుగొచ్చి బటన్ టకటకా నొక్కేసి మాటలన్నీ దాటించేశాను. ఆవిడ ఉంగరం తీసుకుంది, తలుపు మాత్రం తీయలేదు. మళ్లీ పలకరిస్తే "నా ఉంగరం దొరికిందా?" అంటుంది. ఉంగరం ఆవిడ దగ్గరే ఉంది! కథ ఇక ముందుకు పోదు.

మళ్లీ అట్టే చేశాను, రాలేదు. 20 సార్లు చేస్తే 3 సార్లు వచ్చింది. ఇట్టాంటివే మా ప్రాణం తీస్తాయి. "అప్పుడప్పుడూ వస్తోంది సార్" అని రాస్తే ఎవరూ చూడరు. ఏ బిల్డ్ (గేమ్ ఏ వెర్షన్), ఏ మెషీన్, ఎన్నిసార్లకి ఎన్నిసార్లు, మొదట ఏం చేశాం, తర్వాత ఏం చేశాం, దానికో వీడియో, అన్నీ ఉండాలి. రెండు రోజులు దాని మీదే కూర్చుంటే తేలింది, ఫ్రేమ్ రేటు 30 కంటే కిందికి పడ్డప్పుడే వస్తోందని. తలుపు తియ్యమనే గుర్తు ఆవిడ చివరి మాట అయిపోయాక పడుతుంది. మెషీన్ నెమ్మదిస్తే నా రెండు నొక్కులూ ఒకే ఫ్రేములో పడి, ఆ చివరి మాట మొదలవకుండానే ఎగిరిపోతోంది. రిపోర్టు పంపితే వచ్చిన మొదటి జవాబు, "నా మెషీన్‌లో బాగానే ఉంది." ఉంటుంది నాయనా, నీ మెషీన్ ఖరీదుకి మా ఊళ్లో సెంటు స్థలం వస్తుంది.

చివరికి ఒప్పుకున్నారు. అప్పటికి విడుదలకి మూడు వారాలుంది. సంభాషణలన్నీ నడిపే కోడ్‌లో ఇప్పుడు చెయ్యి పెడితే ఇంకేం ఊడుతుందోనని, తర్వాత ప్యాచ్‌లో, అంటే విడుదలయ్యాక పంపే సవరణలో, చూద్దాం అని పక్కన పెట్టేశారు. ఆ నిర్ణయం తప్పని ఈ రోజుకీ అనలేను. గేమ్ వచ్చిన నాలుగో రోజు నుంచి ఆ ఉంగరం గురించి తిట్లు మొదలయ్యాయి, "ఈ మాత్రం చూసుకోలేదా" అని. చూశాం. బగ్ నంబరు కూడా నాకింకా గుర్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. నూరు మంది టెస్టర్లు రోజుకి 8 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు ఆడితే 2 లక్షల గంటలు. ఈ విచర్ కంపెనీదే ఇంకో గేమ్, సైబర్‌పంక్ 2077, వచ్చిన రోజు స్టీమ్ అనే ఒక్క ఆన్‌లైన్ గేమ్‌ల అంగడిలోనే ఒకే సమయంలో ఆడినవాళ్లు 10 లక్షలు దాటారు. అంటే నూరు మంది ఐదేళ్లు ఆడేది వాళ్లు ఒక్క గంటలో ఆడేశారన్నమాట. మేం చూడని మూల వాళ్లకి తగలకుండా ఎట్టా ఉంటుంది?

అపోహ: ఎంత ఆలస్యమైతే అంత బాగా వస్తుంది

దీనికి తలకిందులు మాట కూడా వింటుంటాను, వాయిదా పడిందంటే గేమ్ పోయినట్టేనని. రెండూ కాదు.

సైబర్‌పంక్ తేదీలు చూడండి. 2020 ఏప్రిల్ 16 అన్నారు, సెప్టెంబర్ 17కి మార్చారు, తర్వాత నవంబర్ 19, చివరికి డిసెంబర్ 10. అక్టోబర్ మొదట్లో గోల్డ్ అయిందని ప్రకటించి, అదే నెలాఖరుకి మళ్లీ వాయిదా వేశారు. గోల్డ్ అంటే గేమ్ పూర్తయిందని కాదు, డిస్కుకి పంపే మాస్టర్ కాపీ సిద్ధమైందని. ఆ తర్వాత మొదటిరోజు ప్యాచ్ కోసం పని సాగుతూనే ఉంటుంది. అంతా అయ్యాక, వచ్చిన వారానికే ప్లేస్టేషన్ స్టోర్ దాన్ని తీసేసింది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. జనం నోటి నుంచి బాగుంది అనే మాట గట్టిగా వచ్చింది 2023 సెప్టెంబర్‌లో, 2.0 అప్‌డేట్‌తో. చేపల పులుసు తెల్లారితే రుచి పెరుగుతుంది, నిజమే. ఉప్పెయ్యని పులుసుకి ఎన్ని తెల్లవార్లైతే ఏం లాభం?

నేను చూసేది ఎన్నిసార్లు వాయిదా పడిందని కాదు, ఎంత ముందుగా పడిందని. ఏడాది ముందే జరిపితే లోపల ఎవరో లెక్క వేసుకుంటున్నారని అర్థం. మూడు వారాల ముందు జరిపితే నాకు టెన్షన్. విచర్ 4 పూర్తిస్థాయి పని మొదలైంది 2024 చివర్లో. 2026లో రాదని 2025 మార్చిలోనే చెప్పేశారు. ఇది మంచి లక్షణమే. వేరే కంపెనీ చేస్తున్న ఎల్డర్ స్క్రోల్స్ 6 సంగతైతే, 2018 జూన్‌లో కొండలు చూపించి పేరు చెప్పినప్పుడు మా పిన్ని కొడుకు ఆరో తరగతి. ఇప్పుడు వాడికి గడ్డం వచ్చింది.

అపోహ: ఇంజిన్ మార్చారు కాబట్టి సైబర్‌పంక్ కష్టాలు ఉండవు

సొంత ఇంజిన్ వదిలి అన్‌రియల్‌కి పోతున్నామని 2022 మార్చిలో చెప్పారు. కొత్తవాళ్లని తీసుకుంటే వాళ్లకి పని ముందే వచ్చి ఉంటుంది, ఆ లాభం ఉంది. కానీ అన్‌రియల్ 5 గేమ్‌లకి వాటి జబ్బు వాటికుంది. పీసీలో కొత్త చోటికి పోగానే ఒక్క క్షణం జర్క్ ఇస్తాయి. షేడర్లు, అంటే రంగులు, వెలుగులు గీసే చిన్న ప్రోగ్రాములు, అప్పటికప్పుడు కంపైల్ అవడం (మెషీన్‌కి తగ్గట్టు తయారవడం) ఒక కారణం, ముందున్న ఊరిని స్టోరేజ్ నుంచి లోడ్ చేసుకోవడం ఇంకో కారణం. ఎటైనా తిరగగలిగే ఓపెన్ వరల్డ్‌లో గుర్రం దౌడు తీసేటప్పుడు ఈ రెండోది బాగా తెలుస్తుంది. విచర్ 4 గేమ్‌ప్లే బయటికొచ్చినప్పుడు రాక్షసులని చూడకండి, గుర్రం ఊళ్లోకి అడుగుపెట్టే ఆ సెకను చూడండి.

అపోహ: మ్యాప్ ఎంత పెద్దదైతే అంత మంచి గేమ్

ఎల్డర్ స్క్రోల్స్ వరసలోవే రెండు గేమ్‌లు చూడండి. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ మ్యాప్ సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లని చెబుతారు. అంటే మన ఆంధ్రప్రదేశ్ అంత. 2011లో వచ్చిన స్కైరిమ్ సుమారు 37. ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఆరేడు కిలోమీటర్లు, నెల్లూరు నుంచి పెన్నా దాటి కోవూరు పోయినంత. ఇప్పటికీ జనం ఆడుతున్నది ఏది? డాగర్‌ఫాల్ ఊళ్లు చాలామటుకు కంప్యూటర్ లెక్కలతో పుట్టించినవి. స్కైరిమ్‌లో రాయి కూడా ఎవరో చేత్తో పెట్టింది. ఇంక టెస్టర్‌గా నా స్వార్థం చెప్పాలంటే, మ్యాప్ పెరిగితే నేను గుద్దుకుంటూ తిరగాల్సిన గోడలు పెరుగుతాయి.

అపోహ: మనం తీసుకునే ప్రతి నిర్ణయం కథని మార్చేస్తుంది

అవునా కాదా అనే ప్రశ్నలు పది వేస్తే వచ్చే దారులు 1,024. ఇరవైకి 10 లక్షలు దాటతాయి. అన్నింటికీ మాటలు రాయించి, గొంతు రికార్డు చేయించి, మాచేత ఆడించాలంటే ఏ కంపెనీ బతకదు. అందుకే దారులు విడిపోయి, నాలుగు సీన్ల తర్వాత మళ్లీ కలుస్తాయి. బాగా రాసినవాళ్లు ఆ కలిసిన చోటు కనపడకుండా దాస్తారు. విచర్ 3లో నాకు నచ్చింది అదే, ఎప్పుడో తీసుకున్న నిర్ణయం ఫలితం పది గంటల తర్వాత వచ్చి తగులుతుంది. వెనక్కిపోయి మార్చుకుందామంటే ఆ సేవ్ ఎప్పుడో పోయి ఉంటుంది.

అపోహ: పాత హీరో గెరాల్ట్ బదులు సిరిని పెట్టడం ఇప్పటి ఫ్యాషన్ కోసం

విచర్ 3లోనే కొన్ని చోట్ల సిరిగా ఆడారు మీరు. మర్చిపోయినట్టున్నారు. గెరాల్ట్ కథ అక్కడ ముగిసింది, ఈసారి కూడా కనిపిస్తాడని అతని గొంతు ఇచ్చిన నటుడే చెప్పాడు. ఈ గొడవ మీద ఇంతకంటే టైపు చేసే ఓపిక లేదు.

అపోహ: గేమ్‌లన్నీ బ్యాన్ చేశారు కదా

ఇది పెద్దవాళ్ల ప్రశ్న. మా బాబాయి కూడా అడిగాడు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద. రమ్మీ లాంటివి. ఒకసారి కొనుక్కుని ఇంట్లో ఆడుకునే కథ గేమ్‌కి దాంతో సంబంధం లేదు. నేనేదో పేకాట కంపెనీలో చేస్తున్నానని మా వీధిలో ఇంకా ఇద్దరు ముగ్గురు అనుకుంటున్నారు, వాళ్లకి ఇది చూపించండి.

అపోహ: ఇప్పుడే పీసీ కొని పెట్టుకోవాలి

కందుకూరు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. పొగాకు వేలంలో డబ్బులు చేతికొచ్చాయంట, వాళ్ల నాన్న పీసీ కొనిస్తానన్నాడంట. "విచర్ 4 కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే తీసుకుందామా అన్నా?"

వద్దు. గేమ్‌కి ఏ కార్డు కావాలో కంపెనీ చెప్పేదాకా ఆగు. ముందుగా బుక్ చేసుకోవడం కూడా వద్దు. డౌన్‌లోడ్‌గా అమ్మే సరుకు, నెల్లూరు ట్రంకు రోడ్డులో స్టాకు అయిపోయే రకం కాదు. డబ్బులు ఇప్పుడే ఖర్చు పెట్టాలని చెయ్యి దురద పెడితే ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగమైన స్టోరేజ్) కొనుక్కో. సైబర్‌పంక్ 2.0 వచ్చినప్పుడే పాత హార్డ్ డిస్కుని కనీస అర్హతల్లోంచి తీసేశారు. బాల్దర్స్ గేట్ 3 అనే గేమ్ ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, 40 ఎంబీపీఎస్ లైన్ మీద అది దిగడానికే ఎనిమిది గంటలు పైన పడుతుంది. ఇంకో వస్తువు యూపీఎస్. ఎండాకాలం మన దగ్గర కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా?

అంతా విన్నాక వాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే నాన్నకి ఏం చెప్పమంటావన్నా?"

"ఎస్ఎస్‌డీ, యూపీఎస్ ఇప్పుడు కొనమను. కార్డు సంగతి వచ్చే ఏడు పొగాకు అమ్మినాక చూద్దామను."