ములాకత్ ఆగితే జైలు ఎందుకు భగ్గుమంటుంది?

విజయవాడ గాంధీనగర్ జైలు దగ్గరైనా, గుంటూరు జైలు దగ్గరైనా ములాకత్‌కు వెళ్లినవాళ్లకు లోపలి మనిషి నుంచి ముందు వినపడే మాట ఒకటే: "బెయిలు ఏమైంది?" దానికి జవాబు దొరకనప్పుడే లోపల టెన్షన్ పెరుగుతుంది.

2020 మార్చిలో కరోనా వల్ల కోర్టు పనులు, ములాకత్‌లు నిలిచిపోగానే కోల్‌కతా దమ్‌దమ్ సెంట్రల్ జైలులో ఖైదీలు తిరగబడ్డారు. అదే నెలలో ఇటలీ జైళ్లలో చెలరేగిన గొడవల్లో 13 మంది ఖైదీలు చనిపోయారు. అక్కడా కుటుంబాల్ని కలవనివ్వకపోవడం ఒక ముఖ్య కారణం.

మన జైళ్లు చాలాకాలం నడిచింది 1894 నాటి బ్రిటిష్ చట్టం మీద. తప్పు చేసిన ఖైదీకి సంకెళ్లు, కొరడా దెబ్బలు అందులో రాసి ఉన్నాయి. మాట్లాడి సర్దిచెప్పే పద్ధతికి చోటు తక్కువ. ఆ ధోరణి ఎంత దూరం పోతుందో 1950 ఫిబ్రవరి 11న సేలం జైలులో తేలింది. కాల్పుల్లో 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు చనిపోయారు. అప్పటికి విజయవాడ, గుంటూరు కూడా సేలం ఉన్న మద్రాసు రాష్ట్రంలోనివే.

తర్వాత జైళ్ల సంస్కరణల మీద వేసిన జస్టిస్ ముల్లా కమిటీ 1983లో నివేదిక ఇచ్చింది. విచారణ ఖైదీలను శిక్ష పడినవాళ్లతో కలిపి ఉంచొద్దని చెప్పింది. బెంగళూరు జైలు నుంచి ఒక ఖైదీ రాసిన ఉత్తరం రామమూర్తి కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1996 తీర్పులో కోర్టు తొమ్మిది సమస్యలు గుర్తించింది. కిక్కిరిసిన బ్యారక్‌లు, విచారణలో ఆలస్యం, బయటివాళ్లతో మాట్లాడే వీలు లేకపోవడం వాటిలో ఉన్నాయి. నా దృష్టిలో జైలు గొడవలకు మూలాలు ఈ మూడే.

2022 చివరికి దేశంలో 4,36,266 మందికి సరిపోయే జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లే. ఇంతమంది ఎదురుచూపుల్ని లాఠీలతో ఎన్నాళ్లు అదుపు చేస్తారు?

పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విచారణ చట్టం) స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కొంత దారి చూపింది. గతంలో ఏ నేరానికీ శిక్ష పడనివాళ్లు తమ మీదున్న నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బెయిలు ఇవ్వాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. ములాకత్‌కు వెళ్లేటప్పుడు ఆ గడువు ఏ తేదీకి పూర్తవుతుందో లెక్కేసుకుని వెళ్లండి, దరఖాస్తు పెట్టారా అని అడగండి.