గొర్రెలు, పందులతో వైద్య పరిశోధన: అపోహలు - వాస్తవాలు

నేను పశువైద్యురాలిని. తిరుపతిలో బీవీఎస్సీ, ఆ తర్వాత సర్జరీలో ఎంవీఎస్సీ చదివాను. గుండె కవాటాలు, స్టెంట్లు, ఎముకల్లో పెట్టే ఇంప్లాంట్లు మనిషి దాకా రాకముందే గొర్రెల్లో, పందుల్లో పరీక్షించి చూడడం పదహారేళ్లుగా నా పని. ఇప్పుడు ఆ పని చేసే ఒక బృందాన్ని నడుపుతున్నాను. ఊరెళ్లినప్పుడల్లా మా పెదనాన్న అడుగుతారు: "ఏమ్మా, పశువుల డాక్టరువి గదా, మనుషుల గుండెతో నీకేం పని?" ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు కూడా దాదాపు ఇలాంటి ప్రశ్నలే అడుగుతున్నారు. అందుకే తరచూ వినే అపోహలను తీసుకుని, నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: ఎలుకల్లో పనిచేస్తే చాలదా? పెద్ద జంతువులెందుకు?

ఎలుకలు లేకపోతే ఈనాటి వైద్యం లేదు. కానీ చిట్టెలుక గుండె నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకుంటుంది, బరువు గ్రాములో చిన్న వంతు. మనిషికి పెట్టే స్టెంటును అందులో పెట్టి చూడలేం. పంది గుండె పరిమాణంలోనూ, రక్తనాళాల అమరికలోనూ మనిషి గుండెకు బాగా దగ్గర. కుక్క గుండెలో ఒక నాళం మూసుకుపోతే రక్తం పక్కదారుల్లో చేరిపోతుంది. మనిషిలో లాగే పందిలో ఆ పక్కదారులు చాలా తక్కువ. గుండెపోటు గురించి తెలుసుకోవాలంటే పంది దగ్గరికి వెళ్లేది అందుకే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మాత్రం ఊపిరితిత్తులది. 1960ల చివర్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో గొర్రెల్లో వెతుకుతున్నారు. కడుపులో ఉన్న పిల్లకు స్టెరాయిడ్ ఎక్కిస్తే గొర్రె ముందుగానే ఈనుతోంది. అంత ముందు పుట్టిన పిల్ల ఊపిరితిత్తులు విచ్చుకోక వెంటనే చనిపోవాలి. కానీ ఒక పిల్ల ఊపిరి పీలుస్తూ కాసేపు బతికింది. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లోకి గాలి చేరి ఉంది. ఆయన వెతుకుతున్నది అది కాదు. అయినా దాన్ని పక్కన పెట్టలేదు. పిల్లల డాక్టర్ రాస్ హౌవీతో కలిసి నెలలు నిండకుండానే కాన్పు కాబోతున్న 282 మంది తల్లులతో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ట్రయల్ చేసి 1972లో ఫలితం ప్రచురించారు. ఇంజెక్షన్ తీసుకోని తల్లుల బిడ్డల్లో 25.8 శాతం మందికి ఊపిరి ఇబ్బంది వస్తే, తీసుకున్నవారి బిడ్డల్లో 9 శాతానికే వచ్చింది.

ఈ రోజు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నది ఆ కోవకు చెందిన స్టెరాయిడ్ ఇంజెక్షనే. 2014లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గర్భం 24 నుంచి 34 వారాల మధ్య ఉండగా నొప్పులొచ్చిన తల్లికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకు ఒకటి చొప్పున నాలుగు డోసులు ఇస్తారు. పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా మొదటి డోసు వేయొచ్చు. మా అక్క కూతురు 32 వారాలకే పుట్టింది. అక్కకు ఆ ఇంజెక్షన్లు వేశారు. పాప ఇప్పుడు ఆరో తరగతి. దాన్ని చూసినప్పుడల్లా ఆక్లండ్‌లోని ఆ గొర్రెపిల్ల నాకు గుర్తొస్తుంది.

అపోహ: పెద్ద జంతువులో బాగుందంటే మనిషిలోనూ బాగున్నట్టే.

కాదు. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే మందును ఆరుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఇచ్చారు. కోతులు ఇబ్బంది లేకుండా తట్టుకున్న డోసులో అది 500వ వంతు. గంటల్లోనే ఆరుగురి ఒంట్లో ఒక్కో అవయవం దెబ్బతినడం మొదలై ఐసీయూకి చేరారు. అదృష్టవశాత్తూ అందరూ బతికారు. ఆ మందు అతుక్కోవాల్సిన గ్రాహకం (కణం మీద ఉండే ప్రొటీన్) కోతుల రోగనిరోధక కణాల్లో ఒక రకం మీద లేదని తర్వాత తేలింది. కోతి మనకు ఎంత దగ్గరి చుట్టమైనా, ఆ ఒక్క ప్రశ్నకు సరైన జంతువు కాలేకపోయింది.

అందుకే మా రంగంలో "మనిషికి దగ్గరి జంతువు ఏది?" అని అడగం. "ఈ ప్రశ్నకు దగ్గరి జంతువు ఏది?" అని అడుగుతాం. జంతు కణజాలంతో చేసిన గుండె కవాటాలకు వయసులో చిన్న గొర్రెల్ని ఎంచుకుంటాం. ఎదిగే గొర్రె ఒంట్లో కవాటం మీద కాల్షియం చాలా త్వరగా పేరుకుంటుంది. మనిషిలో ఏళ్లు పట్టే చెడుపు అక్కడ అయిదు నెలల్లోనే బయటపడుతుంది. అంటే కవాటాన్ని మనిషి ఒంట్లో కన్నా కఠినమైన చోట పెట్టి చూస్తున్నాం.

పందితో మరో చిక్కు ఉంది. మాంసం కోసం పెంచే పంది ఆరు నెలలకే 100 కిలోల దాకా వస్తుంది. చిన్నప్పుడు కొలతకు సరిపోయేలా పెట్టిన ఇంప్లాంట్ స్టడీ మధ్యలోనే చాలకుండా పోతుంది. ఎక్కువ నెలలు సాగే పనికి గొట్టింగెన్ లాంటి పొట్టి జాతి కావాలి. అది పెద్దయ్యాక కూడా 40 కిలోలకు అటూఇటూ ఉంటుంది. అలాంటి పందులు దొరకడం, వాటి ఖర్చు పెద్ద తలనొప్పి. అయినా బడ్జెట్ కోసం తప్పు జంతువుతో స్టడీ మొదలుపెడితే ఆ జంతువుకూ అన్యాయం, రేపు ఆ వైద్యం అందుకునే రోగికీ అన్యాయం.

అపోహ: ప్రయోగం ఫెయిలైతే అంతా వృథా.

ఈ మాట విన్నప్పుడల్లా తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ కథ చెబుతాను. డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం మన దేశంలోనే తక్కువ ధరకు గుండె కవాటం చేయాలని పూనుకుంది. మొదటి నమూనాలో లోహం అతుకు దగ్గర విరిగింది. తర్వాతి దాంట్లో లోహం అరిగిపోయింది. కృత్రిమ నీలమణితో చేసిన బిళ్ళ గొర్రెలో పెట్టాక పగిలింది. నాలుగోసారి కోబాల్ట్ - క్రోమియం మిశ్రమ లోహం, గట్టి ప్లాస్టిక్ బిళ్ళ వాడిన నమూనా నిలబడింది. అది 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఆ కవాటం ఇప్పటికి లక్షమందికి పైగా అందింది.

ఆ బిళ్ళ గొర్రెలో పగలకుండా ఉంటే ఎక్కడ పగిలేదో ఆలోచించండి. బృందాన్ని నడిపేవారి పనిలో అతి కష్టమైన భాగం ఇదే. కంపెనీ వాళ్లు రెండేళ్లు, కోట్ల రూపాయలు పెట్టి తెచ్చిన వస్తువు గురించి "ఇది మనిషికి పెట్టకూడదు" అని రిపోర్టులో రాయాలి. నేను ఇప్పటికి నాలుగుసార్లు రాశాను. ప్రతిసారీ ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదు, టెన్షన్. అయినా నా ఉద్యోగంలో నేను చేసిన అతి ముఖ్యమైన పనులు ఆ నాలుగు రిపోర్టులే అని నమ్ముతాను.

అపోహ: జంతువుల బాధ మీకు పట్టదు.

ఈ మాట అనేవారి మీద నాకు కోపం లేదు. అడగాల్సిన ప్రశ్నే అది.

చట్టం సంగతి ముందు చెబుతాను. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద, 1998 నిబంధనల ప్రకారం ప్రతి ప్రయోగానికీ సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. పెద్ద జంతువులైతే అది చాలదు, కేంద్ర కమిటీ కూడా ఒప్పుకోవాలి. జంతువు లేకుండా చేయగలమా, తక్కువ సంఖ్యతో చేయగలమా, బాధ తగ్గించగలమా అని రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో అడిగిన మూడు ప్రశ్నలకు ప్రతి దరఖాస్తులోనూ జవాబు రాయాలి.

కానీ చట్టం షెడ్డులోకి వచ్చి నిలబడదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో, వేరే ల్యాబులో, ఒక గొర్రెకు ఛాతీ ఆపరేషన్. ముందురోజు మేత ఆపమని చెప్పాను గానీ, వెళ్లి చూసుకోలేదు. ఎవరో సాయంత్రం మేత వేశారు. మత్తులో పడుకోబెట్టగానే కడుపు ఉబ్బింది. గొట్టం వేసి గాలి తీసేలోపే కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. రెండు రోజులకు అది చనిపోయింది. గొర్రెకు మత్తిస్తే పొట్ట ఉబ్బుతుందని పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి పాసైనదాన్నే నేను. అప్పటి నుంచి ఆపరేషన్ ముందురోజు రాత్రి తొట్టి నేనే స్వయంగా చూస్తాను. బృందానికి పెద్దనయ్యాక కూడా ఆ పని ఎవరికీ అప్పగించలేదు.

నొప్పి విషయం ఇంకా సున్నితం. గొర్రె వేటాడబడే జంతువు. నొప్పి ఉన్నట్టు కనిపిస్తే తోడేలు దాన్నే ఎంచుకుంటుంది కాబట్టి దాచుకోవడం దాని స్వభావం. మా షెడ్డు చూసే పెద్దాయన గొర్రెల కాపరుల ఇంట పుట్టినవారు. అందరం ఆయన్ని బాబాయ్ అంటాం. ఒక రోజు మానిటర్లో అన్ని అంకెలూ బాగున్నాయి. ఆయన వచ్చి, "అమ్మా, మూడోది నెమరు వేయడం లేదు, చెవులు వెనక్కి పెట్టింది" అన్నారు. నొప్పి మందు డోసు పెంచాం. సాయంత్రానికి నెమరు మొదలైంది. అప్పటి నుంచి మా రోజువారీ పట్టికలో మొదటి గడి నెమరుదే. గొర్రెను ఒంటరిగా ఉంచం. పక్క దొడ్డిలో ఇంకో గొర్రె కనిపించకపోతే అది మేత ముట్టదు. కొత్తగా వచ్చిన జంతువులకు వారం పైగా కుదురుకునే సమయం ఇస్తాం.

దయ ఒక్కటే కారణం కాదు. బెదిరిన, నొప్పితో ఉన్న జంతువు ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది, గుండె వేగం మారుతుంది, రక్తం గడ్డకట్టే తీరు కూడా మారుతుంది. స్టెంటులో గడ్డ కట్టింది స్టెంటు వల్లనా, భయం వల్లనా అని అప్పుడు ఎవరూ చెప్పలేరు.

అపోహ: ఈ బృందాలను నడిపేది పెద్ద సర్జన్లే, పశువైద్యులు సహాయకులు.

నా బృందంలో గుండె సర్జన్, కణజాలాన్ని పరీక్షించే పాథాలజిస్టు, ఇంజనీరు, గణాంకాలు చూసే ఒకమ్మాయి, బాబాయ్ లాంటి నలుగురు ఉన్నారు. నడిపేవారు ఏ చదువు నుంచి వచ్చినా ఫర్వాలేదు. ప్రశ్న సరిగ్గా రాయగలగాలి. ఏ లక్షణం కనిపిస్తే స్టడీ ఆపేయాలో మొదటి ఆపరేషన్‌కు ముందే కాగితం మీద పెట్టాలి. ఏ జంతువుకు ఏ కవాటం వెళ్లిందో పాథాలజిస్టుకు తెలియకుండా చూడాలి. నా వారంలో ఆపరేషన్ థియేటర్ ఒకటిన్నర రోజు, మిగతాదంతా రాతపని, రికార్డులు, మీటింగులు. జీఎల్‌పీ (మంచి ల్యాబ్ పద్ధతుల నియమాలు) రికార్డుల మీద చిరాకు పడేవారికి ఈ ఉద్యోగం పడదు. 2011లో భారత్ ఓఈసీడీ (ముఖ్యంగా ధనిక దేశాల ఆర్థిక సహకార సంస్థ) డేటా అంగీకార వ్యవస్థలో పూర్తి సభ్యురాలైంది కాబట్టి, ఇక్కడ ఆ పద్ధతిలో చేసిన భద్రతా పరీక్షలను బయటి సభ్య దేశాలు కూడా అంగీకరిస్తాయి. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. ఈ చదువుకు దేశం దాటడం ఒక్కటే దారి కాదు.

అపోహ: మనిషి కణాలు పెంచే చిప్పులు, కంప్యూటర్లు వచ్చేశాయి, ఇక ఈ రంగం మూతపడుతుంది.

కొంత మూతపడుతుంది, పడాలి కూడా. అమెరికా 2022 చివర్లో, మన దేశం 2023లో నిబంధనలు మార్చి మందుల పరీక్షకు జంతువులు లేని పద్ధతులకు దారి తెరిచాయి. నాకు అది నిజంగా సంతోషం. ఒక స్టడీని కంప్యూటర్ నమూనాతో సగం జంతువులకు తగ్గించగలిగిన రోజు మా ల్యాబులో స్వీట్లు పంచాం. కానీ కొట్టుకునే గుండెలో కుట్టే కుట్టు, నెలల తరబడి ఎదిగే ఎముక చిప్పు మీద ఇంకా సాధ్యం కాలేదు. 2022 జనవరి 7న అమెరికాలోని మేరీల్యాండ్‌లో గుండె జబ్బు రోగి డేవిడ్ బెన్నెట్‌కు పది జన్యుమార్పులున్న పంది గుండె అమర్చారంటే, దాని వెనక బబూన్ కోతుల్లో ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. ఆ మార్పుల్లో ఒకటి గుండె అతిగా పెరగకుండా ఆపడానికి. పైన చెప్పిన పంది ఎదుగుదల చిక్కే అది. ఆయన రెండు నెలలు బతికారు. ఆ గుండెలో పందుల వైరస్ ఒకటి తర్వాత దొరికింది. దాతగా ఉండే పందిని ఆ వైరస్ కోసం ముందే ఎలా పరీక్షించాలన్నది ఇప్పుడు మా రంగంలో గట్టిగా నడుస్తున్న పని.

ఇంటర్న్‌షిప్ కోసం రాసేవారికి నా షరతు ఒకటే. మొదటి రెండు వారాలు థియేటర్ ఉండదు. పొద్దున అయిదున్నరకు షెడ్డుకు రావాలి, బాబాయ్‌తో పాటు తొట్లు కడగాలి, ఏది నెమరు వేస్తోందో, ఏది వేయడం లేదో పుస్తకంలో రాయాలి.