ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు

అమ్మడూ, చిన్నోడా,

మీరు పంపిన ఫొటో చూశాను. సి డ్రైవ్‌లో ఆరు జీబీలు దాటిన ఫైలు కనబడిందనీ, దాని పేరు హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనీ రాశారు. "మనం పెట్టింది కాదు పెదనాన్నా, తీసేద్దామా?" అని అడిగారు. తీసేశాక చెప్పకుండా ముందే అడిగినందుకు నాకు చాలా సంతోషమేసింది. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ నేను ఎవర్నీ అడగకుండా తీసేసిన రోజు ఒకటుంది, అది మీకు చెప్పాలి.

2002లో సంగతి. ఇంట్లో కంప్యూటర్ కొని ఏడాది కాలేదు. నెట్ కావాలంటే ఫోను తీగ తగిలించి, ఆ కీచు చప్పుడు ఆగేదాకా కూర్చోవాలి. ఓ రోజు బాగా తెలిసిన స్నేహితుడి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. జేడీబీజీఎంజీఆర్ అనే వైరస్ పద్నాలుగు రోజులు నిద్రపోయి, తర్వాత కంప్యూటర్‌ని పాడుచేస్తుందట. యాంటీవైరస్‌లకు దొరకదట. వెతికితే బూడిదరంగు ఎలుగుబంటి బొమ్మ కనబడుతుంది, తెరవకుండా డిలీట్ చెయ్యి, రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యి, తెలిసినవాళ్ళందరికీ ఈ కబురు పంపు. ఇదీ సారం.

వెతికాను. ఎలుగుబంటి నిజంగానే ఉంది! గుండె ఝల్లుమంది. తీసేశాను, బిన్ ఖాళీ చేశాను, నా దగ్గరున్న చిరునామాలన్నిటికీ మెయిల్ పంపేశాను.

అది వైరస్ కాదు. జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టేవాళ్ళకు పనికొచ్చే చిన్న ఫైలు. మైక్రోసాఫ్ట్ వాళ్ళే విండోస్‌తో పాటు ఇచ్చారు, బొమ్మ కూడా వాళ్ళు పెట్టిందే. ఆనాటి విండోస్ కంప్యూటర్లలో మామూలుగా ఉండేదే కాబట్టి వెతికినవాళ్ళకు దొరికింది, దొరికింది కాబట్టి మెయిల్ చెప్పింది నిజమనుకున్నాం. "మీ ఇంటికి ఎవరో చేతబడి చేశారు, నమ్మకపోతే పెరట్లో నిమ్మచెట్టు కింద చూడండి, నిమ్మకాయ పడి ఉంటుంది" అంటే ఎలా ఉంటుంది? సరిగ్గా అలాంటిదే. నేను జావా పని చేసేవాణ్ణి కాదు గనుక నా కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. నా మాట నమ్మి తీసేసిన వాళ్ళందరికీ మళ్ళీ ఒక్కొక్కరికీ రాసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అంతకు ముందు ఏడాది, 2001లో, సల్ఫ్‌ఎన్‌బీకే అనే ఫైలు మీద కూడా ఇలాంటి పుకారే తిరిగింది. పొడుగాటి ఫైలు పేర్లు దెబ్బతింటే సరిచేయడానికి విండోస్‌లో పెట్టిన పరికరం అది, పాపం. ఇక్కడ ఒక తిరకాసుంది, జాగ్రత్తగా వినండి. అదే రోజుల్లో మేజిస్టర్ అనే నిజమైన వైరస్ విండోస్ ఫైళ్ళలో దూరి మెయిళ్ళతో ఊరేగేది. ఒక్కోసారి ఈ సల్ఫ్‌ఎన్‌బీకే పేరుతోనే వచ్చేది. అంటే ఒకే పేరుతో విండోస్ ఫోల్డర్‌లో ఉన్నది మంచిది, మెయిల్‌కి తగిలించుకుని వచ్చింది చెడ్డది. పేరొక్కటే చూసి ఏమీ తేల్చలేం. ఎక్కడుంది, ఎలా వచ్చింది అన్నదే చూడాలి.

ఇప్పుడూ అంతే. నడుస్తున్న ప్రోగ్రాములను చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎస్‌విసిహోస్ట్ అని బోలెడు వరసలు కనబడతాయి. విండోస్ సేవలను నడిపేది అదే. ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి ఫైల్ ఎక్కడుందో చూడండి. విండోస్ ఫోల్డర్ లోపలి సిస్టమ్ 32లో ఉంటే మామూలే. డౌన్‌లోడ్స్‌లోనో టెంప్ ఫోల్డర్‌లోనో ఉంటే, లేదా పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయితే, అనుమానించాలి. అప్పుడు కూడా చేత్తో డిలీట్ చేయొద్దు, యాంటీవైరస్ చేత స్కాన్ చేయించండి. అది పక్కన పెట్టిన ఫైలును, పొరపాటైతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. వైరస్‌టోటల్ అనే చోట ఫైలు ఇస్తే పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో చూసి చెబుతుంది. మీ సొంత కాగితాలూ ఫొటోలూ మాత్రం అక్కడ పెట్టొద్దు, అక్కడికి వెళ్ళినవి వేరేవాళ్ళ చేతుల్లోకీ వెళ్తాయి.

చిన్నోడా, జిరాక్స్ షాపులో ప్రాజెక్టు ప్రింట్ తీయించుకొచ్చాక నీ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి గుర్తుందా? అది నిజమైన వైరస్ పనే. అలాంటివి లేవని నేననడం లేదు.

ఇంకొకటి. సిస్టమ్ ఫైలు తీయబోతే "ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనుమతి కావాలి" అని విండోస్ అడ్డుపడుతుంది. విండోస్ సొంత ఫైళ్ళకు కాపలా ఉండే ఖాతా అది. ఆ అడ్డును దాటడమెలాగో నేర్పే వీడియోలు చాలా ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళొద్దు. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే విండోస్ సొంత ఫోల్డర్ ఎన్నో జీబీలున్నట్టు చూపిస్తుంది, దాన్ని చూసి కూడా కంగారు పడకండి. ఒకే మనిషి పేరు రెండు ఓటరు జాబితాల్లో ఉంటే ఊళ్ళో ఇద్దరున్నట్టు లెక్కొస్తుంది కదా, అక్కడ చాలా ఫైళ్ళ లెక్క అలాంటిదే, ఒకే ఫైలు రెండు చోట్ల లెక్కకొస్తుంది. చోటు కావాలంటే డిస్క్ క్లీనప్ ఉంది, పాత విండోస్ తాలూకు మిగులును కూడా అదే తీసేస్తుంది.

ఇక మీ హైబర్‌ఫిల్. హైబర్నేట్ చేసినప్పుడు మెమరీలో, అంటే ర్యామ్‌లో, ఉన్నదంతా ఈ ఫైల్లో రాసిపెట్టి కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతుంది, మళ్ళీ ఆన్ చేస్తే వదిలిన చోటునుంచే మొదలవుతుంది. త్వరగా ఆన్ కావడానికి కూడా దీన్నే వాడుకుంటుంది. మామూలుగా మెమరీలో ఐదింట రెండు వంతులంత ఉంటుంది. మీది 16 జీబీ గనుక ఆరు దాటింది, లెక్క సరిపోయింది. అసలిది కంటికి కనబడకూడదు. దాచిన సిస్టమ్ ఫైళ్ళను చూపించే టిక్కును మీ ఇద్దరిలో ఎవరో మార్చి ఉంటారు, మళ్ళీ యథాస్థానంలో పెట్టండి.

చేత్తో తీస్తే పోదు. నిజంగా చోటు చాలకపోతే అడ్మిన్‌గా ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ హెచ్, మళ్ళీ ఖాళీ వదిలి, ఆఫ్ అనాలి. విండోసే దాన్ని తీసేస్తుంది. ఆఫ్ బదులు ఆన్ అంటే తిరిగొస్తుంది. మీ నాన్న లాప్‌టాప్‌ని హైబర్నేట్‌లో వదిలి ఆఫీసుకి పట్టుకెళ్తాడేమో, ముందు తనని అడగండి. ఆదివారం ఫోన్ చేయండి, మీరు కొడుతుంటే నేను వింటూ ఉంటాను.

మీ
పెదనాన్న